ధర పెరిగితే కొనడం ఎందుకు తగ్గుతుంది, ఆ తగ్గుదలని రెండు ముక్కలుగా ఎలా విడదీయాలి

"ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుంది" అని ఎవరైనా రాసేస్తారు, దానికి మార్కు కూడా వచ్చేస్తుంది. కానీ ఆ తగ్గినదాంట్లో ఎంత భాగం పక్క వస్తువు చౌకగా కనిపించడం వల్ల, ఎంత భాగం జేబులో ఉన్న డబ్బుకి సత్తా తగ్గిపోవడం వల్ల అని అడిగితే మాత్రం చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంటర్, డిగ్రీ ఎకనామిక్స్ చదివేవాళ్ళకైనా గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళకైనా ఈ టాపిక్‌లో అసలు పట్టు ఇక్కడే ఉంది. దీన్ని డెఫినిషన్లు బట్టీ పట్టి నేర్చుకోలేం, ఒక్కసారి చేత్తో లెక్క వేసి చూస్తే జన్మలో మర్చిపోం. అందుకే పెన్నూ పేపరూ పక్కన పెట్టుకుని చదవండి, మధ్యలో ఆపి లెక్క మీరే వేసుకోండి.

స్టెప్ 1: ముందు ఏం మారిందో తేల్చుకోండి

ఏ ప్రశ్న వచ్చినా మొదట చూడాల్సింది ఇదే. ఆ వస్తువు సొంత ధర మారిందా, వేరే వస్తువు ధర మారిందా, ఆదాయం మారిందా? సొంత ధర మారితే అదే డిమాండ్ రేఖ మీద పైకో కిందికో కదులుతాం, పుస్తకాల్లో దీన్నే డిమాండ్ విస్తరణ, సంకోచం అంటారు. ఆదాయం గానీ పక్క వస్తువు ధర గానీ మారితే రేఖ మొత్తం కుడికో ఎడమకో జరుగుతుంది, అది డిమాండ్ పెరుగుదల, తగ్గుదల. చికెన్ రేటు పెరిగిందని చికెన్ తగ్గిస్తే రేఖ మీద కదలిక, చికెన్ రేటు పెరిగిందని గుడ్లు ఎక్కువ కొంటే గుడ్ల డిమాండ్ రేఖ జరిగినట్టు. ఒకే సంఘటన, రెండు మార్కెట్లలో రెండు రకాలు. ఇక్కడ తడబడితే కింద చేసే లెక్కంతా తప్పు చోట కూర్చుంటుంది.

ఇంకో చిన్న చెక్ కూడా ఇక్కడే చేసేయండి. జీతం 10 శాతం పెరిగింది, అదే టైమ్‌లో అన్ని ధరలూ 10 శాతం పెరిగాయి అని ప్రశ్నలో ఉంటే డిమాండ్ ఏమీ మారదు. చేతిలో నోట్లు పెరిగాయి కానీ వాటితో వచ్చే సరుకు అంతే, కాబట్టి ఎప్పుడూ నిజ ఆదాయం చూడాలి, నోట్ల లెక్క కాదు.

స్టెప్ 2: చిన్న అంకెలతో ఒక కేస్ రాసుకోండి

హైదరాబాద్‌లో కోచింగ్‌కి వచ్చి రూమ్ తీసుకుని వండుకునే కుర్రాళ్ళు అనుకుందాం. కూరల కోసం నెలకి 2400 రూపాయలు పక్కన పెట్టుకుంటారు, అందులో సగం చికెన్‌కి, సగం మిగతా కూరలకి, ధర ఎంతున్నా ఈ సగం సగం రూలే పాటిస్తారు. చికెన్ కిలో 200. (ఇవి లెక్క తేలిగ్గా ఉండటానికి వేసుకున్న అంకెలు, మీ ఊరి రేటు పెట్టుకున్నా పద్ధతి అదే.)

అంటే 1200 పెట్టి 6 కిలోల చికెన్, మిగతా 1200 కూరగాయలకి, గుడ్లకి, పప్పుకి.

ఇప్పుడు చికెన్ 300 అయింది. రూల్ ప్రకారం చికెన్‌కి 1200 మాత్రమే, కాబట్టి 4 కిలోలు. మొత్తం తగ్గుదల 2 కిలోలు. దీన్నే ధర ప్రభావం అంటారు, బయటి నుంచి చూసేవాడికి కనిపించేది ఇదొక్కటే.

వ్యాకోచత్వం (ధర ఒక శాతం మారితే కొనడం ఎంత శాతం మారుతుందో చెప్పే అంకె) కూడా ఇక్కడే తీసేసుకోవచ్చు. పరిమాణం 6 నుంచి 4, సగటు 5, అంటే 40 శాతం తగ్గింది. ధర 200 నుంచి 300, సగటు 250, అంటే 40 శాతం పెరిగింది. మైనస్ 1. ఖర్చు ముందూ 1200, తర్వాతా 1200 కాబట్టి సరిపోయింది కూడా. సగటు ఎందుకు తీసుకున్నామంటే పాత ధర మీద శాతం తీస్తే ఒక జవాబు, కొత్త ధర మీద తీస్తే ఇంకో జవాబు వస్తుంది, ఆ గొడవ లేకుండా.

స్టెప్ 3: పాత సరుకు కొత్త ధరకి కొనాలంటే ఎంత ఎక్కువ కావాలో లెక్క వేయండి

మొత్తం విషయానికి తాళంచెవి ఇదే. పాత పరిమాణం 6 కిలోలు, ధర తేడా 100, రెండూ గుణిస్తే 600. అంటే ధర పెరగడం వల్ల ఈ రూమ్ 600 రూపాయల మేర పేదదైంది. జేబులోంచి ఎవరూ ఏమీ తీయలేదు, 2400 అలాగే ఉన్నాయి, కానీ పాత సరుకు మొత్తం తెచ్చుకోవాలంటే ఇప్పుడు 3000 కావాలి.

ఇప్పుడు ఊహలో ఆ 600 వాళ్ళ చేతిలో పెట్టండి. పాత 6 కిలోలూ కొనగలరు, మిగతా కూరలూ పాతట్టే తెచ్చుకోగలరు, పేదరికం అన్న మాటే లేదు. మరి 6 కిలోలే కొంటారా? కొనరు. చికెన్ కిలో 300 ఉన్నప్పుడు ఒక కిలో మానేస్తే 300 రూపాయల కూరలు వస్తాయి, ఇంతకుముందు 200వే వచ్చేవి. 3000లో సగం 1500, దాన్ని 300తో భాగిస్తే 5 కిలోలు.

అంటే ఆరు నుంచి ఐదుకి తగ్గిన ఆ ఒక్క కిలో ప్రత్యామ్నాయ ప్రభావం. చేతిలో డబ్బు సరిపడా ఉన్నా కేవలం రేట్ల నిష్పత్తి మారినందుకు తగ్గించుకున్నది అది.

తర్వాత మనం ఊహలో ఇచ్చిన 600 వెనక్కి తీసేసుకుంటే 5 నుంచి 4కి పడుతుంది. ఆ ఒక్క కిలో ఆదాయ ప్రభావం. మైనస్ 1, మైనస్ 1, మొత్తం మైనస్ 2, లెక్క కలిసింది.

పరీక్షలో ఏ అంకెలిచ్చినా వరస ఇదే: పాత పరిమాణం, ధర తేడాతో గుణకారం, ఆ మొత్తం ఆదాయానికి కలపడం, కొత్త ధర దగ్గర కొత్త పరిమాణం తీయడం, ఆ మధ్య అంకెని పాత దాంతో పోలిస్తే ఒక ముక్క, చివరి దాంతో పోలిస్తే రెండో ముక్క. ధర తగ్గినప్పుడు కూడా ఇదే, కలపడానికి బదులు తీసేస్తాం.

ఇలా పాత సరుకు కొనగలిగేంత డబ్బు ఇచ్చి చూసే పద్ధతి రష్యాకి చెందిన యూజిన్ స్లట్‌స్కీది, 1915లో ఒక ఇటాలియన్ పత్రికలో రాశాడు, చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

స్టెప్ 4: బొమ్మ గీయండి

అడ్డం గీత మీద చికెన్ కిలోలు, నిలువు గీత మీద మిగతా కూరలకి రూపాయలు. పాత బడ్జెట్ రేఖ (ఉన్న డబ్బంతా ఖర్చు పెడితే కొనగలిగే కలయికల గీత) నిలువు మీద 2400 నుంచి అడ్డం మీద 12 కిలోల దాకా. ధర పెరిగాక 2400 దగ్గర కాలు అక్కడే ఉంటుంది, అడ్డం మీద మాత్రం 12 నుంచి 8కి లోపలికి వస్తుంది. చాలామంది ఇక్కడ రేఖ మొత్తాన్ని లోపలికి జరిపేస్తారు, అది ఆదాయం తగ్గినప్పటి బొమ్మ. ధర మారితే రేఖ తిరుగుతుంది, ఆదాయం మారితే సమాంతరంగా జరుగుతుంది, ఈ తేడా బొమ్మలో కనబడాలి.

ఇప్పుడు మూడో రేఖ, చుక్కలతో. కొత్త రేఖకి సమాంతరంగా, పాత బిందువు (6 కిలోలు, 1200 రూపాయలు) గుండా వెళ్ళాలి. అది నిలువు మీద 3000 దగ్గర, అడ్డం మీద 10 కిలోల దగ్గర తగులుతుంది. ఆ చుక్కల రేఖ మీద 5 కిలోల దగ్గర ఒక చుక్క పెట్టండి. మూడు ఉదాసీనతా వక్రాలు (ఒకే తృప్తినిచ్చే కలయికలన్నీ కలిపే గీతలు) గీసి ఒక్కో రేఖకి ఒక్కోటి తాకించండి, అయిపోయింది. చుక్కల రేఖని తాకే వక్రం మొదటి దానికంటే కాస్త పైన ఉండాలి, ఎందుకో కింద చెప్తా.

స్టెప్ 5: హిక్స్ అడిగారా, స్లట్‌స్కీ అడిగారా చూసుకోండి

పైన 600 ఇస్తే రూమ్ వాళ్ళు పాత సరుకు కొనకుండా ఇంకేదో కొన్నారు. పాతది కొనగలిగే వీలుండి కూడా వేరేది ఎంచుకున్నారంటే ఆ వేరేది వాళ్ళకి ఇంకా బాగుందనే కదా. అంటే 600 కాస్త ఎక్కువే ఇచ్చాం. బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ హిక్స్ పద్ధతిలో పాత సరుకు కొనగలిగేంత కాకుండా పాత తృప్తి దక్కేంత మాత్రమే ఇవ్వాలి. మన రూమ్ తృప్తిని కిలోలు ఇంటూ రూపాయలు అనే లబ్ధంతో కొలిస్తే పాతది 6 ఇంటూ 1200, అంటే 7200. కొత్త ధరల దగ్గర మళ్ళీ 7200 రావాలంటే సుమారు 2939 రూపాయలు చాలు, అప్పుడు చికెన్ సుమారు 4.9 కిలోలు. కాబట్టి ప్రత్యామ్నాయ ప్రభావం 1.1, ఆదాయ ప్రభావం 0.9. మొత్తం అదే 2, కోత పెట్టిన చోటు మాత్రం కొంచెం జరిగింది. ధర మార్పు చిన్నదైతే ఈ రెండు పద్ధతుల తేడా దాదాపు మాయమైపోతుంది.

ఇది పుస్తకాల గొడవే కదా అనుకోకండి. ప్రభుత్వ ఉద్యోగుల డీఏ (ధరలు పెరిగేకొద్దీ జీతానికి కలిపే కరువు భత్యం) చూడండి. కేంద్ర ఉద్యోగుల డీఏని పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని బట్టి లెక్కిస్తారు, దాని ఆధార సంవత్సరం ఇప్పుడు 2016. ఒకప్పుడు ఏ సరుకు ఎంత వాడేవారో ఆ పాత బుట్టని అలాగే ఉంచి, దాన్ని ఈరోజు రేట్లకి కొనాలంటే ఎంత అవుతుందో చూస్తారు. అచ్చం మనం స్టెప్ 3లో చేసిందే. డీఏ పడ్డాక కూడా ఇంట్లో రేటు పెరిగిన సరుకు తగ్గించి పెరగనిది ఎక్కువ తెస్తారు చూడండి, అది ప్రత్యామ్నాయ ప్రభావం, దాన్ని ఏ డీఏ ఆపలేదు.

స్టెప్ 6: ఖర్చులో ఆ వస్తువు వాటా ఎంతో చూడండి

ఆదాయ ప్రభావం పెద్దదా చిన్నదా అని ఊహించక్కర్లేదు, వాటా చూస్తే తెలిసిపోతుంది. స్లట్‌స్కీ సమీకరణాన్ని వ్యాకోచత్వాల్లో రాస్తే ఇలా ఉంటుంది: మొత్తం ధర వ్యాకోచత్వం = ప్రత్యామ్నాయ భాగం మైనస్ (బడ్జెట్‌లో వాటా × ఆదాయ వ్యాకోచత్వం). మన రూమ్‌లో వాటా సగం, ఆదాయ వ్యాకోచత్వం (ఆదాయం ఒక శాతం పెరిగితే కొనడం ఎంత శాతం మారుతుందో) 1, కాబట్టి ఆదాయ భాగం మైనస్ 0.5, మిగతా మైనస్ 0.5 ప్రత్యామ్నాయం. అదే ఉప్పు తీసుకోండి, నెల ఖర్చులో దాని వాటా ఎంతని, రేటు రెట్టింపైనా ఆ ఇల్లు పేదదైపోదు, దాని బదులు వేసుకునేది కూడా లేదు, అందుకే ఉప్పు వాడకం కదలదు.

టమాటా అలా కాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో వంద దాటి నెలాఖరుకి దాదాపు రెండొందల దాకా పోయింది, ఊళ్ళలో ఇంకా ఎక్కువ. నెలకి 6 కిలోలు వాడే ఇల్లు అనుకోండి, కిలో 30 నుంచి 150కి పోయిందనుకోండి, స్టెప్ 3 లెక్క వేస్తే 6 ఇంటూ 120, 720 రూపాయలు. నెలకి 40 వేలు ఖర్చు పెట్టే ఇంటికి అది రెండు శాతం కూడా కాదు. 8 వేలతో నెట్టుకొచ్చే ఇంటికి 9 శాతం. రెండిళ్ళలోనూ పులుపుకి చింతపండు ఎక్కువ వాడతారు, అది ప్రత్యామ్నాయం. కానీ రెండో ఇంట్లో టమాటాతో పాటు పాలూ గుడ్లూ కూడా తగ్గుతాయి, టమాటాకి వాటికి సంబంధమేంటి అనిపిస్తుంది, ఆ సంబంధమే ఆదాయ ప్రభావం. ధరల పెరుగుదల అందరికీ ఒకటే అనేవాళ్ళు ఈ చిన్న గుణకారం ఒక్కసారి చేసి చూడాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అప్పుడు ఏపీ ప్రభుత్వం రైతు బజార్లలో టమాటా 50 రూపాయలకి అమ్మించింది. ఇక్కడ ఒక మంచి ప్రశ్న తయారవుతుంది: రేటు తగ్గించి అమ్మడం, అంత డబ్బు చేతికివ్వడం, రెండిట్లో కొనడం ఎక్కడ ఎక్కువ? రూమ్ లెక్కలోకే రండి. సబ్సిడీతో చికెన్ మళ్ళీ 200కి ఇస్తే 6 కిలోలు కొంటారు, దానికి ప్రభుత్వానికి 600 ఖర్చు. అదే 600 నగదుగా ఇస్తే 5 కిలోలే కొంటారు, కానీ స్టెప్ 5లో చూసినట్టు తృప్తి కాస్త ఎక్కువ. ఆ వస్తువు వాడకం పెరగాలంటే సబ్సిడీ, ఇంటివాళ్ళ ఇష్టానికి వదలాలంటే నగదు.

స్టెప్ 7: ఆదాయం మారినప్పుడు వస్తువుని వర్గంలో పెట్టండి

ఇక్కడ లెక్క సులువు. రూమ్ బడ్జెట్ 2400 నుంచి 3000 అయింది, చికెన్ 200 దగ్గరే ఉంది, 6 నుంచి 7.5 కిలోలు. ఆదాయం 25 శాతం, పరిమాణం 25 శాతం, ఆదాయ వ్యాకోచత్వం 1. సున్నా కంటే ఎక్కువైతే సాధారణ వస్తువు, అందులోనూ 1 కంటే తక్కువైతే అవసరం, ఎక్కువైతే విలాసం. సున్నా కంటే తక్కువైతే నాసిరకం వస్తువు.

నాసిరకం అంటే క్వాలిటీ చెత్త అని కాదు, ఇది బాగా గుర్తుంచుకోండి, ఆదాయం పెరిగితే జనం తగ్గించుకునేది అని మాత్రమే. మన దగ్గర దీనికి దొడ్డు బియ్యం కంటే మంచి ఉదాహరణ దొరకదు. చేతిలో డబ్బు ఆడగానే ఇల్లు దొడ్డు బియ్యం నుంచి సన్న బియ్యానికి మారుతుంది, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, దశాబ్దాలుగా ఆ సన్న బియ్యం కోరికని తీరుస్తూనే ఉంది. రేషన్‌లో వచ్చిన దొడ్డు బియ్యాన్ని అమ్మేసి దానికి ఇంకొంత కలిపి సన్నవి కొనుక్కునే ఇళ్ళు ఎన్ని చూడలేదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లోనే మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. ఎకనామిక్స్ కళ్ళతో చూస్తే నాసిరకం వస్తువు స్థానంలో సాధారణ వస్తువు పెట్టారన్నమాట, అందుకే అమ్ముకోవాల్సిన అవసరం తగ్గుతుంది.

ఆదాయాన్నీ పరిమాణాన్నీ కలిపి గీస్తే వచ్చేది ఎంగెల్ వక్రం. ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ 1857లో బెల్జియం కుటుంబాల ఖర్చు లెక్కలు చూసి ఆదాయం పెరిగేకొద్దీ తిండి మీద ఖర్చు వాటా తగ్గుతుందని చెప్పాడు. మన దేశంలో పల్లెల్లో 1999-2000లో తిండి వాటా సుమారు 59 శాతం, 2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వే నాటికి సుమారు 46 శాతం, పట్నాల్లో 39. బియ్యం గోధుమల్లాంటి ధాన్యాల వాటా అయితే పల్లెల్లో 22 శాతం నుంచి 5 దగ్గరకి పడిపోయింది. అయితే ఇదంతా ఆదాయం పెరగడం వల్లే అని రాసేయకండి, ఈ లెక్కల్లో ఫ్రీగా వచ్చే రేషన్‌కి విలువ కట్టలేదు. అంటే ఇందులో ధర ప్రభావమూ కలిసి ఉంది.

స్టెప్ 8: రెండు ముక్కల గుర్తులు చూసి కేస్ తేల్చండి

ధర పెరిగినప్పుడు ప్రత్యామ్నాయ ప్రభావం ఆ వస్తువు కొనడాన్ని పెంచడం అంటూ ఉండదు, అది తగ్గించేదే. ఆదాయ ప్రభావమే అటూ ఇటూ తిరుగుతుంది. సాధారణ వస్తువైతే అది కూడా తగ్గిస్తుంది, రెండూ ఒకే వైపు. నాసిరకమైతే పేదరికం పెరిగినందుకు అదే వస్తువు ఎక్కువ కావాలి, కాబట్టి ఎదురు లాగుతుంది, అయినా మామూలుగా ప్రత్యామ్నాయమే గెలుస్తుంది. ఎదురు లాగేది గెలిస్తే గిఫెన్ వస్తువు, ధర పెరిగితే డిమాండ్ పెరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే లెక్క వేయండి. ఒక పేద ఇంటికి వారానికి 300 రూపాయలు, కడుపు నిండాలంటే బియ్యం, చేపలు కలిపి 10 కిలోలు ఉండాలి. బియ్యం 20, చేపలు 120. అప్పుడు 9 కిలోల బియ్యం (180), ఒక కిలో చేపలు (120). బియ్యం 25 అయింది. పాత సరుకుకి 225 ప్లస్ 120, 345 కావాలి, ఉన్నది 300. ఏది తగ్గించాలి? బియ్యం తగ్గిస్తే కడుపు నిండదు. చేపలు అర కిలోకి దిగుతాయి, బియ్యం తొమ్మిదిన్నర దగ్గరకి పెరుగుతుంది. బియ్యం రేటు పెరిగింది, బియ్యమే ఎక్కువ కొన్నారు.

ఇది కాగితం మీది ముచ్చట మాత్రమే కాదు. రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ అనే ఆర్థికవేత్తలు చైనాలోని హునాన్ ప్రాంతంలో పేద కుటుంబాలకి బియ్యం మీద సబ్సిడీ ఇచ్చి చూశారు, బియ్యం చౌక కాగానే వాళ్ళు బియ్యం తగ్గించారు, 2008లో ఆ ఫలితాలు ప్రచురించారు. గిఫెన్ వస్తువుకి ఉదాహరణ ఐర్లండ్ కరువులో బంగాళాదుంపలు అని చాలా గైడ్లలో ఉంటుంది, అది రాయకపోవడం మేలు. ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ తన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎకనామిక్స్' పుస్తకం 1895 నాటి ఎడిషన్‌లో గిఫెన్ పేరు మీద చెప్పింది బ్రెడ్ గురించి, పైగా ఆ కరువులో పంటే పోయింది, లేని దుంపలు ఎక్కువెలా తింటారు.

స్టెప్ 9: ఆ ఇల్లు కొనేదేనా, అమ్మేది కూడానా అని అడగండి

ఇప్పటిదాకా ధర పెరిగితే ఇల్లు పేదదవుతుంది అనుకున్నాం. కొనేవాడికి అది నిజం. మదనపల్లె వైపు టమాటా వేసిన రైతుకి కిలో 150 అంటే ఆదాయం పెరగడం. ఆయన ఇంట్లో ప్రత్యామ్నాయ ప్రభావం ఎప్పటిలాగే తగ్గించమంటుంది, ఎందుకంటే కూరలో వేసే ప్రతి కిలో 150కి అమ్ముకోగలిగేదే, కానీ ఆదాయ ప్రభావం గుర్తు తిరగబడుతుంది. లెక్కలో మార్పు ఒక్కటే: స్టెప్ 3లో ధర తేడాతో గుణించేటప్పుడు వాడిన పరిమాణం కాకుండా వాడినది మైనస్ పండించినది పెట్టండి. నెలకి 6 కిలోలు వాడి 500 కిలోలు పండిస్తే అది మైనస్ 494, ధర 120 పెరిగితే 59,280 రూపాయలు ఆ ఇంటికి కలిసొచ్చినట్టు. అందుకే రేటు మండిపోతున్న నెలలో రైతు ఇంట్లో టమాటా వాడకం తగ్గుతుందా పెరుగుతుందా అంటే గుర్తులు చూసి చెప్పలేం, రెండు ముక్కలూ విడివిడిగా కొలవాల్సిందే. కూలీ రేటు పెరిగితే మనిషి ఎక్కువ రోజులు పనికి వెళ్తాడా తక్కువ రోజులు వెళ్తాడా అన్న ప్రశ్నకి కూడా ఇదే లెక్క వేయాలి, అక్కడ అమ్మే సరుకు ఆయన టైమ్.